ఫస్టెయిడు సంతోషమ్మ

బంగారుపాళ్యం దాటి పలమనేరు వైపు పోయే రోడ్డు మీద, మామిడి తోపుల మధ్యన ఒక గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. వేసవి చివర కాయ పండుబారిందంటే చాలు, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళెవరూ ఇంటి పట్టున ఉండేవాళ్ళు కాదు. కొందరు తొట్లలో కాయలు కడిగేవాళ్ళు, కొందరు తొక్క తీసేవాళ్ళు, మిగిలినవాళ్ళు పొడుగాటి బల్లలకు అటూ ఇటూ నిలబడి పొద్దుగూకేదాకా ముక్కలు కోసేవాళ్ళు. ఆ బల్లల్లో ఏ బల్ల దగ్గర నవ్వులు ఎక్కువ వినిపిస్తే ఆ బల్ల దగ్గర సంతోషమ్మ ఉన్నట్టు లెక్క.

సంతోషమ్మకు అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. మనిషి పొడగరి, గొంతు పెద్దది. క్రైస్తవ మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివింది. మొగుడు శాంతయ్య ఇళ్ళు కట్టే బేల్దారి పని చేసేవాడు. అత్త తిరుమలమ్మకు చూపు మందగించడంతో సాయంత్రాలు బైబిలు చదివి వినిపించే పని కోడలి మీద పడింది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, ఆ రాజు చేసింది తప్పనీ ఈ రాణి చేసింది ఒప్పనీ సంతోషమ్మ తన తీర్పు కూడా చెప్పేది. తిరుమలమ్మకు అసలు వాక్యాల కంటే ఆ తీర్పులే ఎక్కువగా గుర్తుండేవి.

సంతోషమ్మకు ఒక్కటే చిక్కు. మనసులోకి వచ్చిన మాట నోట్లో ఆగదు. ఆమె జీవితం మలుపు తిరిగింది కూడా ఆ నోటివల్లనే.

ఎనభై మూడో సంవత్సరం మే నెలలో, కాయ ఇంకా దిగకముందే, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చి దిగాడు. మేనేజరు పరంధామయ్య పంచె సర్దుకుంటూ ఎదురుపోయాడు. పరంధామయ్య చెడ్డవాడు కాదు. కాగితం సరిగ్గా ఉంటే లోకమంతా సరిగ్గా ఉన్నట్టే అని నమ్మే మనిషి, అంతే. ఇన్‌స్పెక్టరు బాయిలరు చూశాడు, మోటార్లు చూశాడు, చివరికి ఆఫీసు గదిలో గోడకున్న ఫస్టెయిడు పెట్టె తెరవమన్నాడు. తాళంచెవి దొరకడానికి చాలాసేపు పట్టింది. తెరిస్తే లోపల ఎండిపోయిన టింక్చరు సీసా, అగరొత్తుల కట్ట, పరంధామయ్య పొడుం డబ్బా, సగం తిన్న బిస్కెట్ల పొట్లం ఉన్నాయి. పెట్టె పైన అద్దం కట్టిన సర్టిఫికేటు ఒకటి వేలాడుతోంది. ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినట్టు జయరావు అనే గుమాస్తా పేరు మీద ఇచ్చింది.

"ఈ జయరావు ఎవరు? పిలిపించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఈ పొద్దు లీవులో ఉండాడు సార్," అన్నాడు పరంధామయ్య, రెప్ప వాల్చకుండా.

కిటికీ అవతల గంపలు కడుగుతున్న సంతోషమ్మ చెవిన ఆ మాట పడింది. పాపం, మేనేజరు సారుకు సంగతి తెలిసినట్టు లేదే అనుకుంది. సాయం చేద్దామని కిటికీలోంచి తల పెట్టి, "జయరావన్న యాడుండాడు సార్! బెంగుళూరు పోయి రెండేండ్లయిపాయె గదా. ఆడనే పెండ్లి గూడా చేసుకున్న్యాడు," అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడండి పరంధామయ్యగారూ, సర్టిఫికేటు ఇచ్చేది గోడకు కాదు, మనిషికి. పని జరిగే వేళంతా ఆ మనిషి ఇక్కడే, పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. పెట్టె ఆ మనిషి చేతికింద ఉండాలి. అందులో మందులూ కట్లూ తప్ప పొడుం డబ్బాలు ఉండకూడదు. ఇది నా మాట కాదు, చట్టం మాట. సీజను మధ్యలో మళ్ళీ వస్తాను," అని చెప్పి వెళ్ళిపోయాడు.

జీపు రేపిన దుమ్ము అణగకముందే పరంధామయ్య బయటికి వచ్చాడు. "మే సంతోషమ్మా! రొంతసేపు నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోయుండును మే?"

"నాకేం తెలుసు సార్! మీరు మరిసిపోయినారేమో అనుకుంటి."

చిత్తూరులో ఒక సేవా సంఘం వాళ్ళు బడి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఫస్టెయిడు క్లాసులు చెప్పేవాళ్ళు. నెల రోజుల ఆదివారాలు పోయి కూర్చోవాలి, ఆఖర్న పరీక్ష. ఫ్యాక్టరీలో మగవాళ్ళను అడిగితే ఒకడికి పొలం పని, ఒకడికి సినిమా, ఒకడికి నెత్తురు చూస్తే కళ్ళు తిరగడం. పరంధామయ్య విసిగిపోయి, "నోరు తెరిసింది నువ్వు. నువ్వే పో," అని సంతోషమ్మకే అంటగట్టాడు. అది శిక్ష అని అతని ఉద్దేశం. సంతోషమ్మకు మాత్రం ఆదివారం పొద్దున చర్చి ముగించుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, చిత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోవడమంటే పండగే.

హాల్లో అడుగు పెట్టేసరికి లోపలున్న వాళ్ళంతా ఇరవై ఏళ్ళ మగపిల్లలు. ఆడమనిషి తనొక్కతే. అందరూ బస్సు కండక్టరు లైసెన్సు కోసం వచ్చినవాళ్ళు. ఫస్టెయిడు సర్టిఫికేటు లేనిదే లైసెన్సు ఇవ్వరు. కార్వేటినగరం నుంచి వచ్చిన సుబ్రమణ్యం అనే పిల్లవాడు మొదటి రోజే ఆమె పక్కన చేరి గొణిగాడు.

"నాకు కావాల్సింది లైసెన్సక్కా. టిక్కెట్టు కొట్టేదానికి ఈ కట్లూ పట్లూ ఎందుకో నాకు తెలీదు."

"బస్సులో ఎవురికన్నా నెత్తురు కారితే టిక్కెట్లు చించి అంటిస్తావా యేంది?" అంది సంతోషమ్మ.

బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. పాఠం చెప్పడానికి వచ్చిన మునిరామయ్య, పెద్దాసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయిన మనిషి, బల్ల మీద కర్రతో కొట్టి, "ఎవరమ్మా అది? బాగా చెప్పినావు. ఇటురా, ముందు కూర్చో," అన్నాడు. ఆ రోజు నుంచి ముందు బెంచీ ఆమెది. ఎముక విరిగితే చెక్క ఎట్లా కట్టాలో, పాము కాటుకు ఏం చెయ్యకూడదో, కాలిన బొబ్బను ఎందుకు చిదమగూడదో మునిరామయ్య ఒక్కొక్కటీ చేసి చూపించేవాడు. సంతోషమ్మ ఇంటికి వచ్చి అవన్నీ అత్త మీద అభ్యాసం చేసేది. తిరుమలమ్మ ఒక సాయంత్రం తలకూ, మోకాలికీ, రెండు చేతులకూ కట్లతో అరుగు మీద కూర్చుని ఉంటే, పని నుంచి వచ్చిన శాంతయ్య "యమ్మా! ఏమైందే?" అని తట్టా పారా కింద పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కాలేదురా. నీ పెండ్లాం సదువుకుంటా ఉండాది," అంది తల్లి.

చివరి ఆదివారానికి ముందు ఆదివారం తిరుపతి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు శకుంతలమ్మ. ఆమె వెంట పెద్ద సూట్‌కేసు ఒకటి వచ్చింది. అందులోంచి ఆమె ఒక రబ్బరు బొమ్మను తీసి నేల మీద పడుకోబెట్టింది. తెల్లటి మొహం, పసుప్పచ్చ జుట్టు, మూసిన కళ్ళు. పిల్లలు దానికి అప్పటికప్పుడే దొరసాని అని పేరు పెట్టేశారు.

"ఈ దొరసానికి ఊపిరి ఆగిపోయింది. గుండె కొట్టుకోవడం లేదు. డాక్టరు రావడానికి చాలాసేపు పడుతుంది. అంతదాకా ఈమె గుండె పని మీ చేతులు చెయ్యాలి, ఈమె ఊపిరి మీరు పీల్చి ఇవ్వాలి," అంది శకుంతలమ్మ. రొమ్ము నడిమి ఎముక మీద అరచేతి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి నొక్కి చూపించింది. పదిహేనుసార్లు నొక్కి, ముక్కు మూసి, గడ్డం పైకెత్తి, నోటికి నోరు ఆనించి రెండుసార్లు ఊదింది. బొమ్మ రొమ్ము బుస్సున లేచి అణిగింది. తర్వాత స్పిరిటు దూదితో మూతి తుడిచి, "ఎవరు చేస్తారు?" అంది.

కండక్టరు పిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. సుబ్రమణ్యం చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదేందబ్బా, రబ్బరు బొమ్మకు ఇంత సిగ్గు!" అని సంతోషమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు ఆనించి నొక్కడం మొదలు పెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు..."

శకుంతలమ్మ ఆశ్చర్యంగా చూసింది. "లాభమేంటమ్మా?"

"మేము మామిడికాయలు లెక్కబెట్టేటప్పుడు ఒకటి అనము డాక్టరమ్మా. లాభం అనే మొదలుపెడతాము."

డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "అట్లాగే అను. వేగం మాత్రం తగ్గించొద్దు. ఇప్పుడు ఊదు."

మొదటిసారి గాలంతా పక్కల్లోంచి పోయింది. రెండోసారి ముక్కు మూయడం మరిచిపోయింది. మూడోసారి ఊదేసరికి ఆ రబ్బరు రొమ్ము ఆమె కళ్ళ ముందే పైకి లేచింది. సంతోషమ్మ ఆగిపోయి, తన ఊపిరి ఇంకొక ఒంట్లోకి పోయి కదలడం చూసి, నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. అది ఆమె జీవితంలో చాలా అరుదైన సంగతి.

క్లాసు ముగిసేముందు శకుంతలమ్మ ఇంకొక మాట కూడా చెప్పింది. "మీరు అన్నీ సరిగ్గా చేసినా మనిషి బతకకపోవచ్చు. ఎక్కువసార్లు బతకరు. అప్పుడు అది మీ తప్పు కాదు. కానీ చెయ్యగలిగి కూడా చెయ్యకుండా నిలబడ్డారనుకోండి, అది జన్మంతా మిమ్మల్ని వదలదు."

పరీక్ష రోజున సంతోషమ్మకు చెమటలు పట్టాయి. పరీక్ష పెట్టే డాక్టరు సుబ్రమణ్యాన్ని రోగిగా కూర్చోబెట్టి, కుడి చెయ్యి విరిగింది, కట్టు కట్టమన్నాడు. సంతోషమ్మ కంగారులో ఎడమ చేతికి అందంగా కట్టి మెడకు వేలాడదీసింది. కుడి చెయ్యి పట్టుకుని మూలుగుతున్న సుబ్రమణ్యం ఒక్క క్షణం చూసి, ఆ చేతిని వదిలేసి, "అబ్బా, అమ్మా, నా ఎడం చెయ్యి!" అని ఏడుపు అందుకున్నాడు. డాక్టరు పగలబడి నవ్వి, ఇద్దరినీ తిట్టి, మళ్ళీ కట్టించాడు. దొరసాని పరీక్షలో ఆమెకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అందరితోపాటు ఆమె కూడా గట్టెక్కింది.

జూన్ నెలలో సర్టిఫికేటు ఫ్యాక్టరీకి వచ్చింది. పరంధామయ్య ఎంతో సంబరపడ్డాడు. జయరావు కాగితం తీసేసి, అదే అద్దంలో సంతోషమ్మ కాగితం పెట్టించి గోడకు తగిలించాడు. పెట్టెలోకి కొత్త మందులు తెప్పించాడు. తాళం వేసి చెవి మొలకు దోపుకున్నాడు. అంతటితో చట్టం పని అయిపోయిందనుకున్నాడు. సంతోషమ్మ కూడా మొదట్లో మురిసిపోయింది. అత్తను వెంటబెట్టుకుని వచ్చి అద్దం దగ్గర నిలబెట్టి, వేలితో తన పేరు చూపించింది.

సీజను ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, బల్ల దగ్గర వరదమ్మ అనే ఆవిడ చేతిలో కత్తి జారి అరచెయ్యి లోతుగా తెగింది. సంతోషమ్మ ఆమె చెయ్యి పైకెత్తి, గట్టిగా అదిమి పట్టుకుని, "పెట్టె తెరవండి!" అని అరిచింది. పెట్టెకు తాళం. తాళంచెవి పరంధామయ్య మొలలో. పరంధామయ్య దామలచెరువు మామిడి మండీలో. చివరికి ఎవరిదో ఉతికిన తువ్వాలు మడిచి గాయానికి కట్టి, మామిడికాయల లారీలో వరదమ్మను ఆసుపత్రికి పంపింది. కుట్లు పడ్డాయి, మనిషికి ఏమీ కాలేదు.

మర్నాడు సంతోషమ్మ ఆఫీసు గదికి పోయి తాళంచెవి అడిగింది.

"నీకెందుకు మే తాళం? దూదీ ప్లాస్టర్లూ తలా ఒకటి ఎత్తుకోని పోతారు. కావాల్సినప్పుడు అడిగితే ఇయ్యనా?"

"నిన్న అడిగితిమి గదా సార్. మీ కుర్చీ పలకలేదు."

"సూడు, నిన్ను పంపింది కాగితం కోసం. కాగితం వచ్చింది. పోయి పని సూసుకో."

సంతోషమ్మ మూలనున్న స్టూలు లాక్కొచ్చి పెట్టెకింద వేసింది. ఎక్కి, గోడకున్న అద్దాన్ని దించి, కొంగుతో దుమ్ము తుడిచి, తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుంది.

"ఏం చేస్తా ఉండావు మే?"

"నా పేరు మీదుండే కాగితం సార్, నా ఇంట్లో పెట్టుకుంటా. ఇన్‌స్పెక్టరు వస్తే ఆయనకు మీ తాళంచెవి సూపించండి."

ఇన్‌స్పెక్టరు ఆ వారంలోనే వస్తాడని కబురు ఉంది. పరంధామయ్య రెండు రోజులు బిగదీసుకుని ఉన్నాడు. మూడో రోజు సాయంత్రం మోపెడ్ మీద సంతోషమ్మ వాళ్ళ పేటకు వచ్చాడు. ఆ వీధికి అతను రావడం అదే మొదలు. తిరుమలమ్మ అరుగు మీద చాప పరిచింది. ఆయన ఒక అంచున కూర్చుని, లోపల గోడకు వేలాడుతున్న సర్టిఫికేటు వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఏమమ్మా, నీ కోడలికి రొంత చెప్పు. ఫ్యాక్టరీ మూతపడితే ఎవురికి నష్టం?"

"నేను ముసలిదాన్ని, నాకేం తెలుస్తుంది సామీ," అంది తిరుమలమ్మ. "అయినా నాకొక డౌటు. బస్సుకు డ్రైవరును పెట్టి, స్టీరింగు మీరు పట్టుకుంటే బస్సు యాడికి పోతాది?"

పరంధామయ్యకు కోపం రావలసింది. వచ్చింది నవ్వు. ఆ నవ్వులోనే సంతోషమ్మ తన కోరికలు మూడూ చెప్పేసింది. పెట్టె ఆఫీసులో కాదు, ముక్కలు కోసే షెడ్డులో ఉండాలి. తాళంచెవి తన మెడలో ఉండాలి. తను ఇంటికి పోయాక రాత్రి షిఫ్టులో ఎవరికైనా ఏమైనా అయితే దిక్కెవరు? వచ్చే ఏడు ఇంకొకరిని క్లాసుకు పంపాలి. ఆయన మొలలోంచి చెవి తీసి చాప మీద పెట్టాడు. సర్టిఫికేటు మోపెడ్ మీద ఆయన ఒళ్ళోనే ఫ్యాక్టరీకి తిరిగిపోయింది. ఆ వారం ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పెట్టె షెడ్డులో, తాళంచెవి సంతోషమ్మ మెడలో ఉన్నాయి.

జులైలో వానలు పడ్డాయి. కాయలు కడిగే తొట్ల దగ్గర నేలంతా నీళ్ళు. అక్కడి మోటార్లు చూసుకునేవాడు గురప్ప. పక్క ఊరి రైతు కుటుంబంవాడు, పెళ్ళి కావలసిన కుర్రవాడు. ఒక పొద్దున తడి చేత్తో మోటారు మీద చెయ్యి వేశాడు. కరెంటు కొట్టింది. కేక కూడా వెయ్యకుండా వెనక్కి విరుచుకు పడ్డాడు. మోటారు తీగ ఇంకా అతని కాలి మీదే ఉంది.

అందరూ అటు ఉరికారు. "ముట్టుకోవద్దు! ఎవురూ ముట్టుకోవద్దు! మెయిన్ ఆపండి!" అని సంతోషమ్మ పెట్టిన కేక రోడ్డు దాకా వినిపించింది. ఆఫీసులోంచి పరంధామయ్య చెప్పులు వదిలేసి, పంచె ఎగగట్టి పరుగెత్తి మెయిన్ స్విచ్చి లాగేశాడు. ఫ్యాక్టరీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

సంతోషమ్మ గురప్ప పక్కన మోకాళ్ళ మీద పడింది. మొహం నీలంగా ఉంది. చెంప ఆనించింది, ఊపిరి లేదు. మెడ దగ్గర వేళ్ళు పెట్టింది, ఏమీ లేదు. ఆ క్షణంలో నేర్చుకున్నదంతా ఆమె తలలోంచి తుడిచిపెట్టుకుపోయింది. మునిరామయ్య గుర్తు రాలేదు, పుస్తకం గుర్తు రాలేదు. పసుప్పచ్చ జుట్టు దొరసాని ఒక్కతే కళ్ళ ముందు నిలిచింది. చేతులు వాటంతటవే రొమ్ము మీదికి పోయాయి.

"లాభం, రెండు, మూడు..."

మధ్యలో లెక్క తప్పింది. అప్పుడు ఎదురుగా ఎవరో వచ్చి కూర్చున్నారు. వరదమ్మ. అరచేతికి ఇంకా కట్టు ఉంది. "నువ్వు నొక్కు మే, నేను లెక్కబెడతా," అని ఆమె మామిడికాయలు లెక్కబెట్టే గొంతుతో మొదలుపెట్టింది. పదిహేను అనగానే సంతోషమ్మ గురప్ప ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఊదింది. వెనక గుంపులో ఎవరో "అయ్యయ్యో" అన్నారు. ఆమెకు వినపడలేదు. మళ్ళీ లాభం, మళ్ళీ పదిహేను, మళ్ళీ ఊపిరి. ఎంతసేపు చేసిందో ఆమెకు తెలియదు. నడుం విరిగిపోతోంది, కన్నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నాయి. చివరికి గురప్ప గొంతులో ఏదో గురక లాంటిది పుట్టింది. ఒక దగ్గు. ఇంకొక దగ్గు. రొమ్ము తనంతట తాను లేచింది.

అతన్ని టెంపోలో ఎక్కించి చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయాక, సంతోషమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. పరంధామయ్య తన చేత్తో కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చి పక్కనే నిలబడ్డాడు.

ఊళ్ళో మాత్రం మాటలు ఆగలేదు. సంతోషమ్మ చేతి నీళ్ళు తాగని ఇంటివాడు గురప్ప. ఇప్పుడు ఆమె నోటి ఊపిరి తాగాడని టీ అంగడి దగ్గర ఒకరు అంటే, పరాయి మగాడి నోట్లో నోరు పెట్టిందని ఇంకొకరు అన్నారు. శాంతయ్య ఆ మాటలు విని ఇంటికి వచ్చాడు. భార్య పెట్టిన సంగటి ముద్ద ముట్టలేదు. ఆమె ఏమీ అడగలేదు. ఆమెకు తెలుసు.

తిరుమలమ్మే అడిగింది. "ఏమిరా, ఎవురేమన్న్యారు?"

"అందరూ అంటా ఉండారు. నోట్లో నోరు..."

"నువ్వు పుట్టినప్పుడు ఏడిసినావా?" అంది తల్లి. "ఏడవలేదు. నల్లగా కట్టెమాదిరి వచ్చి పడినావు. మంత్రసాని నీ నోట్లో నోరు పెట్టి ఊది ఊది నిన్ను ఏడిపించింది. ఆ యమ్మ ఎవురో, ఏ కులమో, ఎవురి పెండ్లామో అడిగేదానికి నీకు ఊపిరుండిందా?"

శాంతయ్య సంగటి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ముద్ద తుంచుకుంటూ మెల్లగా అడిగాడు. "అయితే యమ్మా, ఆ మంత్రసానికి సర్టిఫికేటు ఉండిందా?"

ముసలమ్మ చేతికందిన విసనకర్ర అతని మీదికి విసిరింది. ముగ్గురూ నవ్వారు. మర్నాడు టీ అంగడిలో ఎవరో మళ్ళీ ఆ మాట ఎత్తితే, "అవునప్పా. నీకు కరెంటు కొట్టినా ఊదమని చెప్పినాను. వద్దంటే ఇప్పుడే చెప్పు," అన్నాడు శాంతయ్య. ఆ అంగట్లో మళ్ళీ ఆ మాట రాలేదు.

గురప్ప కొన్నాళ్ళకు తిరిగి పనిలోకి వచ్చాడు. అయితే సంతోషమ్మ ఎదురుపడితే చాలు, తల తిప్పుకుని షెడ్డు చుట్టూ తిరిగి పోయేవాడు. ఆమె బల్ల దగ్గర నవ్వులు మొదలైతే మోటారు గదిలోకి దూరి తలుపు వేసుకునేవాడు. సంతోషమ్మకు ఆ బాధ కడుపులో పెట్టుకోవడం చేతకాలేదు. ఒకరోజు మోటారు గది వాకిలికి అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా గురప్పా, నేను ముట్టుకున్న్యానని నీకు కష్టంగా ఉండాదా? ఉంటే మొహాన చెప్పు. ఇట్ల దాక్కోవద్దు."

గురప్ప కంగారుపడ్డాడు. "అయ్యో అక్కా, అదేం మాట! నువ్వు నొక్కిన నొక్కుడుకు పక్కటెముకలు రెండు చిట్లిపోయినాయి. నవ్వొద్దన్న్యాడు డాక్టరు. నీ తావకొస్తే నవ్వకుండా యెట్లుండేది?"

సంతోషమ్మ అతని మొహం వంక చూసింది. ముందు కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఆగలేకపోయింది. ఆమె నవ్వు చూసి గురప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే రెండు చేతులతో రొమ్ము పట్టుకుని, "అబ్బా, పోక్కా, సచ్చిపోతా ఉండాను, పో!" అని వేడుకున్నాడు.

ఆ ఆదివారం గురప్ప తల్లి దేవకమ్మ, చంకలో నాటుకోడిపెట్టతో, సంతోషమ్మ వాళ్ళ పేటకు నడిచి వచ్చింది. ఆ వీధిలోకి వాళ్ళ ఇంటివాళ్ళెవరూ అంతకుముందు అడుగు పెట్టింది లేదు. బావలూ మరుదులూ వద్దన్నారట. దేవకమ్మ వినలేదు. వాకిట్లో నిలబడి, "నన్ను లోపలికి రమ్మనవా పాపా?" అని అడిగింది. సంతోషమ్మ ముందుకొచ్చి కోడిపెట్టను అందుకుంది. తిరుమలమ్మ చెయ్యి చాచి దేవకమ్మను అరుగెక్కించుకుంది. ఇద్దరు ముసలమ్మలూ పొద్దుపోయేదాకా మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

మరుసటి ఏడు మే నెల వచ్చింది. రాత్రి షిఫ్టుకు ఎవరిని పంపాలన్నప్పుడు గురప్ప తనంతట తాను చెయ్యి ఎత్తాడు. సంతోషమ్మ అతన్ని వెంటబెట్టుకుని చిత్తూరు పోయి మునిరామయ్యకు అప్పగించి వచ్చింది. పరీక్షలో దొరసానిని గట్టిగా నొక్కడానికి గురప్పకు మనసొప్పలేదు. పాపం, ఎముకలు విరుగుతాయేమో అన్నాడట. రెండోసారి పోయి గట్టెక్కాడు. షెడ్డు గోడ మీద రెండు అద్దాలు పక్కపక్కన వేలాడాయి. మూడేళ్ళకొకసారి మళ్ళీ పరీక్ష రాసి కాగితం కొత్తది చేయించుకోవాలని తెలిశాక, సంతోషమ్మ ఆ ప్రయాణాల కోసం ఎదురుచూసేది.

గురప్ప చేతికి తాళంచెవి వచ్చిన మొదటి వారంలోనే ఒక లారీ డ్రైవరు వేలు డోరులో నలిగింది. పొద్దున సంతోషమ్మ పనిలోకి వచ్చేసరికి, షెడ్డు ముందు ఆ డ్రైవరు చెయ్యి గాల్లో ఎత్తి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చూపుడు వేలు మీద కట్టు కొబ్బరికాయంత ఉంది. పెట్టెలో ఒక్క గుడ్డ చుట్ట కూడా మిగల్లేదు. గురప్ప గర్వంగా పక్కన నిలబడ్డాడు.

"వేలికి కట్టు కట్టమంటే తలపాగా చుట్టినావు గదప్పా!" అంది సంతోషమ్మ.

"నెత్తురు ఆగిందా లేదా, అది సూడక్కా."

"నెత్తురు ఆగితే ఆగింది. నాకు స్టీరింగు పట్టుకునేదానికి చెయ్యి కావాల తల్లీ, బెంగుళూరు పోవాల," అన్నాడు డ్రైవరు.

సంతోషమ్మ అతని పక్కన కూర్చుని, ఒడిలో గుడ్డ పోగు చేసుకుంటూ, ఒక్కొక్క చుట్టూ విప్పడం మొదలుపెట్టింది. గురప్ప వంగి చూస్తూ ఉంటే, ఈసారి ఎన్ని చుట్లు చాలునో, ముడి ఎక్కడ వెయ్యాలో అతనికి చెబుతూ కట్టింది.